హాల్ టికెట్ చేతికొచ్చాక: బార్ పరీక్ష రాసేవారికి జవాబులు

లా చదివి బార్ కౌన్సిల్‌లో వకీలుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు (ఎన్‌రోల్ అయినవాళ్లు) ప్రాక్టీసు కోసం పాసవ్వాల్సిన ఆలిండియా బార్ పరీక్ష దగ్గరపడిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. పొలం గట్టు తగాదాలు, భరణం కేసులు కాస్త వెనక్కి తగ్గి, కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లల ఉత్తరాలు వరుస కడతాయి. సిలబస్ గురించి అడిగినవారికి ఇదివరకే రాశాను. ఈసారి పరీక్ష రోజు ఏర్పాట్ల గురించి అడిగిన నలుగురికే జవాబులు. బెజవాడ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తూ ఏటా మా ఆఫీసు జూనియర్లను ఈ పరీక్షకు పంపుతుంటాను. సబ్జెక్టు రాక తప్పినవాళ్లను చూస్తే మళ్లీ చదువుకుంటారులే అనిపిస్తుంది. అన్నీ వచ్చి కూడా ఒక కాగితం లేక, ఒక బస్సు దొరక్క నష్టపోయినవాళ్లను చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ జవాబులు కాస్త పెద్దవైనా ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది సత్తెనపల్లి. పెళ్లయ్యాక లా పూర్తిచేసి ఎన్‌రోల్ అయ్యాను. ఏడు నెలల బాబున్నాడు, ఇంకా నా పాలే తాగుతాడు. పరీక్ష కేంద్రం విజయవాడ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పడింది. మా వారు తెల్లవారుజామున బాబుతో సహా బండి మీద బయల్దేరదామంటున్నారు. మా అత్తగారేమో పసివాణ్ణి వదిలి అంతసేపు ఎలా ఉంటావు, వచ్చేసారి రాయొచ్చుగా అంటున్నారు. ఇంకో భయం కూడా ఉంది. హాల్ టికెట్‌లో నా పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. గేటు దగ్గర ఆపేస్తారా?
— ఒక పాఠకురాలు, సత్తెనపల్లి

జవాబు: అమ్మా, ముందు ఇంటిపేరు సంగతి చూద్దాం. ఈరోజు ఇంట్లో కూర్చుని చక్కబెట్టుకోగలిగిన పని అది. గేటు దగ్గర ఎవరూ చక్కబెట్టలేరు.

మన వైపు ఆడపిల్లలకు ఈ చిక్కు మామూలే. పదో తరగతి నుంచి లా డిగ్రీ దాకా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉంటాయి. పెళ్లయి అత్తవారి రేషన్ కార్డులో చేర్చేటప్పుడు ఆధార్‌లో పేరు మారిపోతుంది. గేటు దగ్గర మీ కాగితాలు చూసేది ఆ కాలేజీ ఉద్యోగి. ఇంటిపేరు ఎందుకు మారిందో మీరు చెబితే ఆయన అర్థం చేసుకుంటాడు, కాదనను. కానీ వెనక వందలమంది క్యూలో ఉంటే వినే తీరిక ఆయనకుండదు. చేతిలో ఉన్న రెండు కాగితాల్లో పేరు ఒకటేనా, ఫొటోలో ఉన్న మనిషీ ఎదురుగా ఉన్న మనిషీ ఒకరేనా అని మాత్రమే చూస్తాడు. కాబట్టి హాల్ టికెట్‌లో ఉన్న పేరుతోనే ఉన్న ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు ఒకటి మీ దగ్గర ఉండాలి. బార్ కౌన్సిల్ ఇచ్చిన గుర్తింపు కార్డు ఎన్‌రోల్‌మెంట్ పేరుతోనే ఉంటుంది కనుక మీకు అదే మేలు. ఇంకా చేతికి రాకపోతే పాన్ కార్డు తీసి చూడండి, చాలామందికి దాంట్లో పాత పేరే ఉంటుంది. వీటికి తోడు పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒరిజినలూ, ఒక జిరాక్సూ పెట్టుకోండి. ఆధార్ కూడా తీసుకెళ్లండి, కానీ ముందు దాన్ని చూపించకండి. పేరు కలిసే కార్డు చూపించండి, అడిగితే మిగతావి తీయండి. పరీక్షకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి, వెబ్‌సైట్‌లో ఇచ్చిన హెల్ప్‌లైన్ ఈమెయిల్‌కు ఇవాళే ఈ తేడా గురించి రాసి, వచ్చిన జవాబును ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. మనం వకీళ్లం. నోటిమాటకన్నా కాగితానికి ఉండే బలం మనకు ఇంకొకరు చెప్పాలా?

ఇక బాబు. పరీక్ష మూడు, మూడున్నర గంటలే కదా అనుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది. లోపలికి రమ్మన్న సమయం పరీక్షకు చాలా ముందు ఉంటుంది. తనిఖీ, గది వెతుక్కోవడం, జవాబుల గడులు దిద్దే ఓఎంఆర్ షీటు మీద వివరాలు నింపడం, అయ్యాక షీట్లన్నీ లెక్క చూసుకునేదాకా కూర్చోబెట్టడం, మెట్ల మీద జనం. అన్నీ కలిపి గేటు దాటి వెళ్లినప్పటి నుంచి మళ్లీ బయటికొచ్చేదాకా ఐదు గంటలు అనుకోండి. మధ్యలో పాలివ్వడానికి బయటికి పంపుతారా అని కూడా ఉత్తరం చివర అడిగారు. పంపుతారన్న నమ్మకంతో మాత్రం వెళ్లకండి. ముందుగా రాతపూర్వకంగా అడగండి, కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌ను కలిసి చెప్పండి. ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోయినా ఇబ్బంది రాకుండా ఏర్పాటు చేసుకోండి.

ఏడు నెలల పిల్లాడు కాబట్టి ఉగ్గు మొదలుపెట్టే ఉంటారు. పరీక్ష ఏ వేళకైతే ఉందో, ఇంట్లో కూడా అదే వేళకు ఇప్పటి నుంచీ అమ్మమ్మో నాయనమ్మో తినిపించేలా అలవాటు చేయండి. మీరు అదే ఇంట్లో ఇంకో గదిలో ఉంటే కుదరదు, మీ గొంతు వింటే వాడు ఊరుకోడు. ఆ ఐదు గంటలూ మీరు నిజంగానే బయటికెళ్లి ఏ లైబ్రరీలోనో కూర్చుని పాత పేపరు ఒకటి రాయండి. ఇద్దరికీ రిహార్సల్ అవుతుంది. పాలు తీసి ఇచ్చేటట్టయితే, శుభ్రంగా మరిగించిన మూత గిన్నెలో పట్టి, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో పెట్టండి. బయట మామూలు గదిలో అయితే నాలుగు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ పూట అంతసేపు కూడా వద్దు. సీసా అలవాటు లేని పిల్లాడికి ఆరోజు కొత్తగా సీసా ఇస్తే నోట్లోంచి నెట్టేస్తాడు. ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టడం మీ అమ్మగారికి బాగా తెలిసే ఉంటుంది.

మీ గురించి కూడా చెప్పాలి. ఇది ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. అంతసేపు బిడ్డ తాగకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పి పుడుతుంది, పాలు కారి బట్టలు తడుస్తాయి. మా ఆఫీసులో ఒక అమ్మాయి ఇలాగే పరీక్షకు వెళ్లింది. చివరి గంటలో ప్రశ్న చదువుతుంటే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కలేదని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. గేటు లోపలికి వెళ్లే చివరి పది నిమిషాల్లో, కారులోనో గుడి అరుగు మీదో కూర్చుని, రెండు వైపులా పూర్తిగా పాలివ్వండి. లోపల ప్యాడ్లు పెట్టుకోండి, ముదురు రంగు కాటన్ బట్టలు వేసుకోండి, పైన చున్నీ ఉండనివ్వండి. నీళ్లు మానేయకండి, దాహంతో తల తిరిగితే అసలుకే మోసం.

బాబును ఎత్తుకుని మీవాళ్లు ఎక్కడ కూర్చుంటారన్నది ముందురోజే తేల్చుకోవాలి. ఈ శివారు కాలేజీల ముందు రోడ్డు, ఒక టీ బడ్డీ తప్ప ఏమీ ఉండదు. నీడ ఉండదు, బాత్‌రూమ్ అసలే ఉండదు. ముందురోజు సాయంత్రం వెళ్లి చూసి, దగ్గర్లో గుడి మండపమో తెలిసినవాళ్ల ఇల్లో కుదుర్చుకోండి. అది కుదిరిందంటే మీకు సగం దిగులు తీరినట్టే.

బండి మీద తెల్లవారుజామున బయల్దేరే ఆలోచన మానుకోమని మీ వారికి నా మాటగా చెప్పండి. పరీక్ష శీతాకాలంలో పడితే హైవే మీద ముందున్న లారీ కూడా కనిపించనంత మంచు పడే రోజులుంటాయి. చంటిబిడ్డతో ఆ ప్రయాణం వద్దు. ముందురోజు మధ్యాహ్నానికల్లా విజయవాడ చేరుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఖర్చు సంగతి సరే. కానీ అందుకే ఆ బస్సులు కిక్కిరిసి ఉంటాయి, నాన్‌స్టాప్ బస్సులకు పథకం వర్తించదు. గుంటూరులో మారేటప్పుడు బిడ్డతో నిలబడాల్సి వస్తుందనిపిస్తే డబ్బులిచ్చి నాన్‌స్టాప్ ఎక్కండి, ఆ కాస్త ఖర్చుకు వెనకాడకండి. కండక్టరుకు చూపించిన ఆధార్‌ను మళ్లీ పరీక్ష ఫైల్లో పెట్టడం మర్చిపోకండి. అసలు బస్సులో చూపించడానికి ఓటరు కార్డు పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

రాత్రికి బంధువుల ఇంట్లోనా, లాడ్జిలోనా? ఒంటరిగా వచ్చే పిల్లలకైతే లాడ్జి అని చెబుతాను. చుట్టాలింట్లో పెట్టే మర్యాదలకూ, చెప్పే కబుర్లకూ పదకొండయినా పడుకోనివ్వరు. మీ విషయంలో మాత్రం చుట్టాలిల్లే నయం. వేడినీళ్లు, పాలు కాచుకోవడానికి పొయ్యి, బాబును ఎత్తుకోవడానికి ఇంకో రెండు చేతులు ఉంటాయి.

అత్తగారి మాటకు ఇంట్లో పోట్లాట పెట్టుకోవద్దు. ఆవిడ భయం బిడ్డ గురించే. వచ్చేసారికి వాడు పరుగెత్తుతుంటాడని, అప్పుడు ఒకచోట కూర్చోబెట్టడం ఇంకా కష్టమని నవ్వుతూ చెప్పండి. ఎన్‌రోల్ అయిన తర్వాత ఈ పరీక్ష పాసవడానికి ఇచ్చే వ్యవధి రెండేళ్లు, దాంట్లో కొంత ఇప్పటికే గడిచిందని కూడా చెప్పండి. ఇవన్నీ కాకుండా ఇంకో దారుంది. ఆవిడనే మీతో తీసుకురండి. మనవడు ఆవిడ ఒళ్లో ఉన్నాడంటే మీరు లోపల నిశ్చింతగా రాస్తారు, కోడలు వకీలు కావడంలో తన వంతు కూడా ఉందని ఆవిడ పదిమందికీ చెప్పుకుంటారు.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరు కోర్టులో జూనియర్‌ని. అరండల్‌పేటలో ఉంటాను. నాకు కేంద్రం కానూరు వైపు పడింది. బైక్ మీద గంటలో వెళ్లిపోవచ్చని మా ఫ్రెండ్స్ అంటున్నారు. బేర్ యాక్టుల్లో నేను చదువుకునేటప్పుడు పెన్సిల్‌తో గీసుకున్న గీతలున్నాయి, పర్లేదా? ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లాలి? ఫోన్ బైక్ డిక్కీలో పెట్టుకోవచ్చా?
— ఒక యువ న్యాయవాది, గుంటూరు

జవాబు: బాబూ, ఒకప్పుడు ఈ పరీక్షకు గైడ్లతో సహా ఏ పుస్తకమైనా తీసుకెళ్లనిచ్చేవారు. 2021 అక్టోబరులో జరిగిన 16వ పరీక్ష నుంచి ఆ పద్ధతి పోయింది. నోట్సు లేని బేర్ యాక్టులకే, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలకే అనుమతి. నీ సీనియర్లలో ఎవరైనా మేం అన్నీ మోసుకెళ్లి రాశాం అంటే అది పాత సంగతి. నీకొచ్చిన హాల్ టికెట్‌నూ, ఈసారి నోటిఫికేషన్‌నూ కోర్టు ఉత్తర్వు చదివినట్టు అక్షరం అక్షరం చదువు.

పెన్సిల్ గీతల గురించి నా సలహా ఒక్కటే. గీతలూ, మార్జిన్‌లో రాతలూ ఉన్న పుస్తకాన్ని ఇంట్లోనే వదిలెయ్. ఒక ఇన్విజిలేటర్ గీత పర్లేదంటారు, ఇంకొకరు అది నోట్సే అని పుస్తకం లాగేసుకుంటారు. ఆ వాదన గెలిచినా పది నిమిషాలు పోతాయి. రబ్బరుతో చెరిపినా అచ్చులు కనిపిస్తాయి. ముఖ్యమైన చట్టాలకు కొత్త కాపీలు కొను, లేదా గీతలు లేనివి స్నేహితుల దగ్గర తీసుకో. రంగు స్టిక్కర్లు అంటించొద్దు. కొన్ని ప్రచురణల్లో సెక్షన్ కింద తీర్పుల సారాంశం, వ్యాఖ్యానం చిన్న అక్షరాల్లో ఉంటాయి. అట్ట మీద బేర్ యాక్ట్ అని రాసున్నా అది బేర్ యాక్ట్ కాదు. ప్రతి పుస్తకం మధ్యలో నాలుగైదు చోట్ల తెరిచి చూసుకో. ప్రశ్నపత్రం తెలుగులో ఎంచుకుని ఉంటే, వెతుక్కోవడానికి తెలుగు ప్రతులు కూడా ఉండేలా చూసుకో.

ఎన్ని అంటే, సిలబస్‌లో మార్కుల పంపకం చూసి నిర్ణయించుకో. రాజ్యాంగం, సివిల్ ప్రొసీజరు (సీపీసీ), క్రిమినల్ ప్రొసీజరు పదేసి మార్కులు. శిక్షాస్మృతి, సాక్ష్యం, కుటుంబ చట్టాలు, కాంట్రాక్టు దాని జతగా వచ్చే ఆస్తి బదిలీ, చెల్లని చెక్కుల చట్టం వగైరా ఎనిమిదేసి. వంద మార్కుల్లో అరవైకి పైగా ఈ ఏడింటిలోనే ఉన్నాయి. వీటి పుస్తకాలు తప్పనిసరి. రెండేసి మార్కులొచ్చే సైబర్, పర్యావరణం, కంపెనీ చట్టాల కోసం సంచీ బరువు పెంచుకోవడం దండగ, అవి చదువుకుని వెళ్లు. ఆ కుర్చీ పక్కన సంచీ పెట్టుకునే చోటు కూడా ఉండకపోవచ్చు.

కొత్త మూడు చట్టాల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో బీఎన్ఎస్, క్రిమినల్ ప్రొసీజరు (సీఆర్‌పీసీ) స్థానంలో బీఎన్ఎస్ఎస్, సాక్ష్య చట్టం స్థానంలో బీఎస్ఏ అమల్లోకి వచ్చాయి. నీ చేతికి ఇంకా పాత నంబర్లే అలవాటు. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టుకున్న స్వతస్సిద్ధ అధికారాలు. బీఎన్ఎస్ఎస్‌లో 482 తెరిస్తే ముందస్తు బెయిలు కనిపిస్తుంది. హైకోర్టు అధికారాలు 528కి వెళ్లాయి. భార్యాపిల్లల భరణం 125 నుంచి 144కి, ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కి మారాయి. హత్యకు శిక్ష 302లో వెతికితే బీఎన్ఎస్‌లో అక్కడ మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటల నేరం ఉంటుంది, నువ్వు వెతికేది 103లో ఉంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు కళ్లు పాత నంబరు దగ్గరికే పోతాయి. అందుకే పరీక్షకు ముందు వారం కొత్త విషయాలేవీ చదవకుండా, ఈ మూడు పుస్తకాల విషయసూచికలను చేత్తో తిప్పుతూ అలవాటు చేసుకో. ఏ అధ్యాయం పుస్తకంలో ఏ మందాన ఉందో వేలికి తెలియాలి. వంద ప్రశ్నలకు ఉన్న సమయంలో ప్రతి ప్రశ్నకూ పుస్తకం తీస్తే సగం కూడా రాయలేవు. ముందు తెలిసినవన్నీ రాసెయ్, పుస్తకం చూడాల్సినవాటికి ప్రశ్నపత్రం మీద చిన్న గుర్తు పెట్టుకుని రెండోసారి రా.

ఓఎంఆర్ షీటు గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. మా ఆఫీసు కుర్రాడొకడు జవాబులన్నీ ప్రశ్నపత్రం మీదే టిక్కు పెట్టుకుంటూ పోయాడు, చివర్లో ఒకేసారి షీటు మీద దిద్దుదామని. బెల్లు కొట్టేసరికి ఇంకా చాలా గడులు మిగిలాయి. తొందరలో ఒక వరుస కిందికి జారి దిద్దుకుంటూ పోయాడు. అన్నీ వచ్చిన కుర్రాడు. ఒక పేజీ అవగానే ఆ పేజీ జవాబులు షీటు మీద దిద్దెయ్, తర్వాతే పేజీ తిప్పు. అన్నిటికన్నా ముందు, ప్రశ్నపత్రం సెట్ కోడ్ ఏ, బీ, సీ, డీలలో ఏదో చూసి షీటు మీద దిద్ది, పక్కన రాసి, ఇన్విజిలేటర్ సంతకం చేసేటప్పుడు ఇంకోసారి సరిచూసుకో. కోడ్ తప్పితే నీ జవాబులు ఇంకో సెట్ జవాబుల కీతో దిద్దుతారు. బాల్‌పెన్నులు నలుపో నీలమో హాల్ టికెట్‌లో చెప్పిన రంగువి, వాడి చూసినవి రెండు మూడు పెట్టుకో. కొత్త పెన్ను ఆరోజు మొదటిసారి తీయొద్దు.

ఇక దారి. మొదట హాల్ టికెట్‌లోని చిరునామా పిన్‌కోడ్‌తో సహా చూడు. మన దగ్గర ఒకే పేరుతో రెండు మూడు క్యాంపసులున్న కాలేజీలున్నాయి. ఆటో అతనికి కాలేజీ పేరు మాత్రమే చెబితే అతనికి తెలిసిన క్యాంపసుకు తీసుకెళ్తాడు. కానూరంటే బందరు రోడ్డు. నువ్వు బస్సులో వస్తే నెహ్రూ బస్టాండు దాకా పోనక్కర్లేదు. వారధి దిగి బెంజిసర్కిల్‌కు, అక్కడి నుంచి బందరు రోడ్డు మీద ఆటోలో పటమట మీదుగా వెళ్లొచ్చు. స్నేహితుల్లో ఎవరికైనా కేంద్రం గన్నవరం వైపు పడితే రామవరప్పాడు రింగు మీదుగా, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపు పడితే కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా పోవాలి. ఈ మూడో దారి పడినవాళ్లు జాగ్రత్త. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజులు గనక కలిస్తే కనకదుర్గ గుడి ఉన్న కొండ చుట్టూ, బస్టాండు చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు. ఎర్రబట్టల్లో లక్షలమంది నడిచి వస్తుంటారు. పరీక్ష ఆదివారం కదా, రోడ్లు ఖాళీ అనుకోవద్దు. ఆదివారం, ముహూర్తం కూడా కలిస్తే కల్యాణ మండపాల ముందు బారాత్‌లు ఉంటాయి.

గుంటూరు నుంచి బెజవాడ 35 కిలోమీటర్ల లోపే, గంటలో రావచ్చు. గుంటూరులో ఉండేవాడివి నీకు తెలియనిదా. కానీ ఆ రోజు ఆలస్యమైతే వాయిదా అడగడానికి ఎదురుగా జడ్జిగారుండరు. గేటు మూసే సమయం దాటితే ఎంత బతిమాలినా తీయరు. బైక్ మీద వస్తానంటే రా, ఒంటరిగా మాత్రం రావద్దు. తమ్ముణ్ణో స్నేహితుణ్ణో వెంటబెట్టుకుని వాళ్లనే నడపమను. టైరు పంక్చరైతే వాళ్లు బండి చూసుకుంటారు, నువ్వు ఆటో ఎక్కి వచ్చేస్తావు. ఫోన్ కూడా వాళ్ల చేతికివ్వు. బైక్ డిక్కీలో వద్దు, ఫోన్లు దాచే గది కాలేజీలో ఉంటుందనీ అనుకోవద్దు. స్మార్ట్ వాచీ ఇంట్లోనే వదిలెయ్.

ఒక్క విషయం పిల్లలకు తట్టదు. ఫోన్ లేకుండా వచ్చావంటే ఫోన్‌పే ఉండదు, మ్యాపు ఉండదు, ర్యాపిడో ఉండదు, ఇంట్లోవాళ్ల నంబరు కూడా నోటికి రాదు. చొక్కా జేబులో చిల్లరతో సహా నగదు పెట్టుకో. ఒక కాగితం మీద కేంద్రం చిరునామా, దారి గుర్తులు, రెండు ఫోన్ నంబర్లు పెన్నుతో రాసుకో. బయటికొచ్చాక ఎక్కడ కలుసుకోవాలో వెంట వచ్చినవాడితో ముందే అనుకో. ఫలానా టీకొట్టు దగ్గర, అంతే, గేటు దగ్గర అని చెబితే ఆ జనంలో గంటసేపు వెతుక్కుంటారు.

ప్రశ్న: అమ్మగారూ, మాది తెనాలి. మా అబ్బాయికి రాసేటప్పుడు కుడిచేయి బిగుసుకుపోయి వణుకుతుంది. లా డిగ్రీ కష్టపడి పూర్తిచేశాడు. వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్‌లో 30 శాతమే ఇచ్చారు. 40 శాతం లేకపోతే రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వరని ఎవరో చెప్పారు. గడులు దిద్దడానికే వాడికి సమయమంతా పోతుంది. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, మీకు చెప్పినవారికి పూర్తి సంగతి తెలియదు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఈ ప్రశ్ననే తేల్చింది. ఆ అబ్బాయిదీ రాసేటప్పుడు చేయి బిగుసుకునే ఇబ్బందే. సహాయకుడు కావాలంటే 40 శాతం వైకల్యం ఉండి తీరాలనడం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. ఆ తీర్పు వల్లే 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 40 శాతం కన్నా తక్కువ ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. 40 శాతం, అంతకన్నా ఎక్కువ ఉన్నవారికి 2018లోనే మార్గదర్శకాలు వచ్చాయి. సహాయకుడితో పాటు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం కూడా వాటిలో ఉంది.

మీరు చేయాల్సింది కాగితం పని, అది పరీక్ష రోజు చేసేది కాదు. రాయడంలో ఇబ్బంది ఉంది, సహాయకుడు అవసరం అని స్పష్టంగా రాసిన సర్టిఫికెట్ ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తీసుకోండి. సదరం కాగితం వైకల్య శాతాన్నే చెబుతుంది, రాయలేడన్న మాట దాంట్లో ఉండదు. దరఖాస్తులో ఈ అవసరం పేర్కొన్నారో లేదో చూడండి. పేర్కొనకపోతే ఈరోజే నిర్వాహకులకు ఆ సర్టిఫికెట్, తీర్పు ప్రస్తావన జతచేసి ఈమెయిల్ పంపండి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు కూడా ఒక ప్రతి. సహాయకుణ్ణి వాళ్లిస్తారా, మీరు తెచ్చుకోవాలా అన్నది జవాబులో రాయించుకోండి. మిమ్మల్నే తెచ్చుకోమంటే, సహాయకుడి చదువు తక్కువ ఉండాలన్న నియమం సాధారణంగా ఉంటుంది. కాబట్టి తోటి లా పట్టభద్రుణ్ణి అనుకోకండి. దొరికిన అబ్బాయితో మీ అబ్బాయి ముందుగా పాత పేపరు మీద సాధన చేయాలి. ప్రశ్న ఎంత వేగంగా చదవాలి, జవాబు అక్షరం ఎలా చెప్పాలి, గడి దిద్దాక మళ్లీ నంబరు చదివి వినిపించాలా, ఇవన్నీ ముందే కుదరాలి. ఆ రోజు ఉదయం మిగతావాళ్లకన్నా బాగా ముందుగా కేంద్రానికి వెళ్లి, ప్రింటు తీసిన ఉత్తర ప్రత్యుత్తరాలతో చీఫ్ సూపరింటెండెంట్‌ను కలవండి. అప్పటికీ కాదంటే, కాదన్న కారణాన్ని రాసివ్వమని మర్యాదగా అడగండి. రాసివ్వమంటే చాలామంది ఆలోచిస్తారు. మీ అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండి. ఆ చేత్తో ఐదేళ్ల పరీక్షలు రాసి లా పూర్తిచేసినవాడు కోర్టులో నిలబడే రోజు చూడాలని నాకెంతో ఉంది.

ప్రశ్న: మేడమ్, పోయినసారి తప్పాను. తోటివాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. అసలు ఈ పరీక్ష పెట్టే హక్కు బార్ కౌన్సిల్‌కు లేదని కోర్టులో కేసు ఉంది కదా, రద్దవుతుందా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఆ కేసు ముగిసిపోయిందమ్మా. 2023 ఫిబ్రవరి 10న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని తీర్పు చెప్పింది. రద్దు కోసం ఎదురుచూడకండి.

సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, ర్యాంకులు లేవు. పాసా, కాదా, అంతే. జనరల్, ఓబీసీ వారికి 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ వస్తుంది. మీ ఉత్తరంలో ఇంకో మాట నా కంట పడింది. తెలియని వాటిని తప్పు రాస్తే మార్కులు పోతాయని పద్దెనిమిది ప్రశ్నలు వదిలేసి వచ్చానన్నారు. ఈ పరీక్షలో నెగటివ్ మార్కులు లేవమ్మా. ఎవరు చెప్పారో గానీ మీకు అక్కడే నష్టం జరిగింది. ఈసారి చివరి పదిహేను నిమిషాలు పుస్తకాలన్నీ మూసేసి, షీటును పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూసుకోండి. ఖాళీ కనిపించిన ప్రతిచోటా, తప్పని తెలిసిన జవాబులు తీసేసి మిగిలిన వాటిలో ఒకటి దిద్దండి. ఏదీ తెలియకపోయినా సరే, ఏదో ఒక గడి దిద్దే లేవండి.